ఆల్బమ్ వచ్చిన వారం, వ్యాన్‌లో ఆరుగురం

గురువారం, లండన్

టీ-షర్టుల్లో ముందు అయిపోయేది ఎల్ సైజు. ఎప్పటికీ మిగిలిపోయేది ఎక్స్‌ఎస్. ఈ బ్యాండ్‌కి నాలుగేళ్లుగా వ్యాన్ నడుపుతూ, షో అయ్యాక హాలు వెనక టేబుల్ వేసుకుని టీ-షర్టులూ రికార్డులూ అమ్ముతూ నేను నేర్చుకున్న విద్య ప్రధానంగా ఇదే. అయినా ఈసారి కూడా ఎక్స్‌ఎస్ డజను వేయించారు. కవర్ బొమ్మ వేసిన అమ్మాయి సైజు అదేనట.

వ్యాన్ సాయంత్రం నాలుగింటికి చేతికొచ్చింది. దీన్ని ఇక్కడ స్ప్లిటర్ అంటారు. ముందు సగం మనుషులకి, మధ్యలో గట్టి గోడ, వెనక సగం సామానుకి. ఆ గోడ ఎందుకంటే, హైవే మీద గట్టిగా బ్రేకు వేస్తే బేస్ ఆంప్, అంటే గిటార్ శబ్దం పెంచే బరువైన పెట్టె, వచ్చి మన మెడ మీద పడకుండా. సర్దడానికి ఒక వరస ఉంటుంది. పెద్ద ఆంప్‌లు గోడకి ఆనించి, వాటి పక్కన డ్రమ్ పెట్టెలు, పైన గిటార్లు, తలుపు దగ్గర నా మర్చ్ డబ్బాలు, అంటే అమ్మే సరుకు. ముందు దిగాల్సింది చివర ఎక్కాలి. వినడానికి ఎంత తేలికో, రాత్రి పన్నెండింటికి వానలో అది గుర్తుపెట్టుకోవడం అంత కష్టం.

ఈసారి కొత్తగా పన్నెండు అట్టపెట్టెలు చేరాయి. ఒక్కోదాంట్లో పాతిక ఎల్‌పీలు, అంటే పెద్ద వినైల్ రికార్డులు. రేపు విడుదలయ్యే ఆల్బమ్ అదే.

ఈ ఆల్బమ్ వెనక పద్నాలుగు నెలల తిరుగుడు ఉంది. నూట ముప్పై పైచిలుకు షోలు, అందులో సగం వేరే పెద్ద బ్యాండ్‌ల ముందు అరగంట వాయించినవే. చాలా రాత్రులు చేతికొచ్చింది యాభయ్యో వందో పౌండ్లు. డీజిల్‌కే చాలదు. మిగతాది నా టేబుల్ మీదే రావాలి. యూరప్ కూడా వెళ్లాం. బ్రెగ్జిట్ తర్వాత అదొక పెద్ద తంతు. ఆంప్ నుంచి స్టాండ్ దాకా ప్రతి వస్తువునీ కార్నే అనే పత్రంలో ఎక్కించి సరిహద్దులో ముద్ర వేయించుకోవాలి. మనుషులేమో 180 రోజుల్లో 90 రోజులే అక్కడ ఉండొచ్చు. రోజులు లెక్కపెట్టుకుంటూ తిరిగాం.

అన్ని రాత్రులు వాయించేసరికి ఒక పాటకి ఒక సంగతి జరిగింది. ఈ వారమంతా వ్యాన్‌లో గొడవ దాని మీదే కాబట్టి ముందే చెప్పేస్తాను. ఆల్బమ్‌లో రెండో పాట. రాసుకున్నప్పుడు నిమిషానికి 126 బీట్స్. షో షోకీ కొంచెం కొంచెం పరిగెత్తి, టూర్ చివరికి 138 దగ్గర స్థిరపడింది. ఎవరూ కావాలని చేసింది కాదు. స్టేజీ ఎక్కితే గుండె వేగం పెరుగుతుంది, డ్రమ్మర్ చేతులు దాన్ని అనుసరిస్తాయి, మిగతా ముగ్గురూ ఆయన్ని అనుసరిస్తారు. తీరా స్టూడియోకి వెళ్లాక ప్రొడ్యూసర్ చెవిలో క్లిక్, అంటే తాళం కొలిచే టిక్ టిక్ శబ్దం, పెట్టి, 'మాటలు వినపడట్లేదు, మొదట్లో ఎలా ఉందో అలా వాయించండి' అన్నాడు. 126కే రికార్డయింది. డ్రమ్మర్ ఆ రోజు నుంచీ మూతి ముడుచుకునే ఉన్నాడు.

పైగా పాట నెమ్మదిస్తే నిడివి పెరుగుతుంది కదా. 138లో నాలుగు నిమిషాల పది సెకన్లు ఉన్నది 126లో నాలుగున్నర దాటింది. ఎల్‌పీకి ఒక్కో వైపు ఇరవై, ఇరవైరెండు నిమిషాలు మించితే గాడులు దగ్గర దగ్గరగా కోయాలి, అప్పుడు శబ్దం తగ్గుతుంది. అలా ఎ వైపు చివర ఉండాల్సిన పాట బి వైపుకి వెళ్లింది. అది బాసిస్ట్ రాసిన పాట. ఆమె కూడా మూతి ముడుచుకుంది.

శుక్రవారం, లండన్

ఆల్బమ్‌లన్నీ శుక్రవారమే ఎందుకొస్తాయని సౌండ్ ఇంజనీర్‌ని అడిగాను. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతా శుక్రవారం చేశారట. అంతకు ముందు ఇక్కడ సోమవారం, అమెరికాలో మంగళవారం. ఒకచోట ముందు వచ్చి ఇంకోచోట తర్వాత వస్తే మధ్యలో దొంగ కాపీలు తిరిగేవి. ఇప్పుడు చార్ట్, అంటే వారం వారం అమ్మకాల జాబితా, లెక్క కూడా శుక్రవారం మొదలై గురువారం అర్ధరాత్రికి ముగుస్తుంది. అంటే మాకున్నది ఏడు రోజులు.

ఈ ఏడు రోజులూ చిన్న బ్యాండ్‌లు చేసే పని ఒకటుంది. రికార్డుల షాపుల్లో వాయించడం. టికెట్‌తోపాటే రికార్డు కొనాలి, ఆ అమ్మకం చార్ట్‌లో లెక్కకొస్తుంది. షో పేరుతో రికార్డులు అమ్మడమే ఇదంతా. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

మొదటి షాపు బ్రిక్ లేన్ పక్కన, పాత ట్రూమన్ బ్రూవరీ ఆవరణలోని రఫ్ ట్రేడ్ ఈస్ట్. 2007లో తెరిచారు. అసలు రఫ్ ట్రేడ్ 1976లో నాటింగ్ హిల్ వైపు చిన్న కొట్టుగా మొదలైంది, రెండేళ్లకి అదే పేరుతో లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే కంపెనీ, పుట్టింది, తర్వాత ది స్మిత్స్ అనే బ్యాండ్ రికార్డులు వచ్చింది ఆ లేబుల్ మీదే. మా సింగర్ అరల మధ్య నడుస్తూ అక్షరక్రమంలో తమ బ్యాండ్ ఎక్కడుందో వెతుక్కున్నాడు. దొరికింది. ఒకటి బయటికి తీసి, అటూ ఇటూ చూసి, ముందు వరసలో పెట్టి వచ్చాడు. నేను చూశానని ఆయనకి తెలీదు.

ఇక్కడ అకౌస్టిక్ సెట్, ఆంప్‌ల మోత లేకుండా. పూర్తి డ్రమ్ కిట్ దింపలేదు. ఒక స్నేర్ డ్రమ్, ఒక టాంబరీన్, కర్రల బదులు బ్రష్‌లు. బ్రష్‌లతో రెండో పాటని 138లో తోలడం డ్రమ్మర్ వల్ల కూడా కాలేదు. పాట బుద్ధిగా నడిచింది. ముందు వరసలో ఒకాయన పాట అయ్యాక పక్కనున్న ఆమెతో, 'పోయినసారి చూసినప్పుడు దీనికి ఎగిరాం కదా' అన్నాడు. డ్రమ్మర్ అది విని నావైపు చూశాడు.

తర్వాత సంతకాలు. ఇందులోనూ ఒక పనితనం ఉంది, ఎవరూ చెప్పరు. మా కవర్ నలుపు, మెరుపు కాగితం. వెండి రంగు మార్కర్‌తో రాస్తేనే కనపడుతుంది, కానీ అది ఆరడానికి అర నిమిషం పైనే పడుతుంది. నలుగురు సంతకం చేసి పక్కకి జరిపేలోపు ఎవరో ఒకరి మోచేయి తగిలి మొదటి సంతకం తోకచుక్కలా సాగిపోతుంది. మొదటి పదిహేను రికార్డులూ అలాగే పోయాయి. పోయాయంటే, కొన్నవాళ్లు సంతోషంగానే తీసుకెళ్లారనుకోండి. తర్వాత నేను పాత సెట్‌లిస్టులు, అంటే షోలో పాటల వరస రాసిన కాగితాలు, చింపి, ఒక్కో సంతకం మీదా కాగితం ముక్క పెట్టి పంపడం మొదలుపెట్టాను. ఒకమ్మాయి ఆ ముక్క తీసి చదివి, 'దీని మీద కూడా సంతకం పెట్టించరా' అంది.

నూట నలభై మంది. రాత్రి తొమ్మిదికి నలుగురి వేళ్లూ వెండిగా ఉన్నాయి.

శనివారం, బ్రైటన్

కెన్సింగ్టన్ గార్డెన్స్ అనే ఇరుకు వీధిలో రెసిడెంట్ అనే షాపు. వీధిలోకి వ్యాన్ పోదు, సామాను చేత్తో మోశాం. వాయించారు, సంతకాలు చేశారు. ఈసారి కాగితం ముక్కలు ముందే చింపిపెట్టుకున్నాను. సముద్రం రెండు వీధుల మధ్య సందులోంచి బూడిదరంగు గీతలా కనపడింది. అంతే చూశాం.

ఆదివారం, బ్రిస్టల్

ఈ రోజు షాపు కాదు, నిజం షో. అది కూడా పడవలో.

థెక్లా అనేది 1958లో జర్మనీలో కట్టిన సరుకు ఓడ. 1983లో వివియన్ స్టాన్‌షల్ అనే సంగీతకారుడు, ఆయన భార్య దాన్ని బ్రిస్టల్ తెచ్చి నాటకశాలగా మార్చారు. ఇప్పుడు మడ్ డాక్ దగ్గర కట్టేసి ఉంటుంది. ఒకప్పుడు సరుకు నింపిన గర్భంలోనే స్టేజీ. నీటి మట్టం దగ్గర ఓడ ఒంటి మీద బ్యాంక్సీ అనే వీధి చిత్రకారుడు ఒకసారి మృత్యువు బొమ్మ వేశాడు. పడవలో తెడ్డు వేస్తున్న అస్థిపంజరం. తర్వాత ఆ రేకు ముక్కని కోసి తీసి మ్యూజియంలో పెట్టారు. అవతలి ఒడ్డునే ఉన్న ఎం షెడ్‌లో చూడొచ్చు. గిటారిస్ట్, నేను సౌండ్‌చెక్‌కి ముందు వెళ్లి చూసొచ్చాం. రేకు మీద తుప్పు, పెయింటు పెచ్చులు అలాగే ఉన్నాయి.

ఓడలోకి బేస్ క్యాబినెట్, అంటే పెద్ద స్పీకర్ పెట్టె, దింపడం గురించి ఒక పేరా రాసే హక్కు నాకుంది. మెట్లు ఇనుపవి, నిటారుగా ఉంటాయి. పైన ఒకరు, కింద ఇద్దరు. కింద ఉన్నవాడికి క్యాబినెట్ తప్ప ఏమీ కనపడదు, కాబట్టి పైనున్నవాడి మాటే కళ్లు. పైనున్నది మా సింగర్. ఆయన మంచి గీతరచయిత, కానీ 'ఇంకొంచెం' అనే మాటకి అర్థం ఎవరికీ తెలీదు. ఇంకొంచెం ఎటు? 'ఇంకొంచెం ఇంకొంచెం' అంటూనే ఉన్నాడు, నా బొటనవేలు రెయిలింగ్‌కీ క్యాబినెట్‌కీ మధ్య ఇరుక్కునేదాకా. గోరు నల్లబడింది. ఈ వారమంతా ఆ వేలితోనే చిల్లర లెక్కపెట్టాను.

షోలో పూర్తి కిట్, పూర్తి శబ్దం. రెండో పాట వచ్చింది. డ్రమ్మర్ నాలుగు కర్ర దెబ్బలు వేసిన క్షణంలోనే తెలిసిపోయింది, 138 కాదు, 140 పైనే. రెండు రోజులు బ్రష్‌లతో ఓర్చుకున్న మనిషి కదా. హాలు ఎగిరింది. ఓడ నిజంగానే ఊగిందా, నాకలా అనిపించిందా చెప్పలేను. కానీ ఇంకోటి కూడా గమనించాను. టేబుల్ దగ్గర నిలబడ్డ ముగ్గురు కుర్రాళ్లు మొదటి చరణం పాడుతూ మొదలుపెట్టారు, రెండో లైనుకే వెనకబడ్డారు. వాళ్లకి తెలిసింది రికార్డు. శుక్రవారం నుంచి రెండు రోజుల్లో బట్టీ పట్టేశారు, అది కూడా 126లో. నోళ్లు తెరిచి, స్టేజీ వైపు చూసి, నవ్వుకుని ఊరుకున్నారు.

పద్నాలుగు నెలలు ఈ పాట బ్యాండ్‌కి మాత్రమే తెలుసు. ఎలా వాయిస్తే అదే పాట. శుక్రవారం నుంచి అది వేరేవాళ్లకి కూడా తెలుసు, వాళ్లకి తెలిసినట్టుగా తెలుసు.

ఇది నేను రాత్రి వ్యాన్‌లో చెప్పాను. డ్రమ్మర్ 'అయితే వాళ్లే నేర్చుకుంటారు' అన్నాడు. సింగర్ ఏమీ అనలేదు. గొంతు బాగోలేదన్నాడు.

సోమవారం, మన్మత్ మీదుగా

సెలవు. నేరుగా మాంచెస్టర్ వెళ్లొచ్చు, కానీ గిటారిస్ట్ పట్టుబట్టాడు, సెవర్న్ వంతెన దాటి వేల్స్‌లోకి వెళ్లి రాక్‌ఫీల్డ్ స్టూడియో చూడాలని. వంతెన మీద టోల్ 2018 డిసెంబర్‌లో ఎత్తేశారు కాబట్టి నేనూ అభ్యంతరం చెప్పలేదు.

మన్మత్ ఊరి బయట పొలాల మధ్య ఉంటుంది. వార్డ్ అన్నదమ్ములిద్దరు, కింగ్స్‌లీ, చార్ల్స్, వాళ్ల డెయిరీ ఫారాన్ని 1960లలో స్టూడియోగా మార్చారు. అక్కడే ఉండి, అక్కడే పడుకుని రికార్డు చేసుకునే పద్ధతి ప్రపంచంలో ఇక్కడే మొదలైందంటారు. 1975లో క్వీన్ బ్యాండ్ వచ్చి బొహీమియన్ రాప్సొడీ పాటలో కొంత ఇక్కడ చేసింది. 1995లో ఒయాసిస్ బ్యాండ్ రెండో ఆల్బమ్ ఇక్కడే. మాకు లోపలికి వెళ్లే పనేమీ లేదు. సందు చివర వ్యాన్ ఆపి గేటు దాకా నడిచి, పైకప్పులు చూసి, ఒక ఆవు మమ్మల్ని చూస్తే దాన్ని చూసి, వెనక్కి వచ్చాం. మా ఆల్బమ్ రికార్డయింది ఒక పారిశ్రామికవాడలో, పక్కన కార్లకి రంగు వేసే షెడ్. రెండు టూర్‌ల మధ్య దొరికిన పదకొండు రోజుల్లో. కంప్రెసర్ మోగినప్పుడల్లా టేక్ ఆపాల్సొచ్చేది. ఐదో పాట చివర దాని శబ్దం సన్నగా ఉంది, ఎక్కడో చెప్పను.

మధ్యాహ్నం లేబుల్ నుంచి ఫోన్. వారాంతం లెక్కల ప్రకారం 31వ స్థానం. వ్యాన్‌లో కేకలు. నేను హారన్ కొట్టాను. సౌండ్ ఇంజనీర్ ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వయసులో మా అందరికంటే పెద్ద, ఇలాంటి వారాలు చాలా చూశాడు. ఆయన చెప్పింది ఇది: మా ఆల్బమ్‌ని కొనాలనుకున్నవాళ్లు నెలల ముందే కొని పెట్టుకున్నారు. ఆ రికార్డులన్నీ శుక్రవారం ఒక్కసారే లెక్కలో పడ్డాయి. పెద్దవాళ్ల ఆల్బమ్‌లు అలా కాదు, ప్రతిరోజూ ఫోన్లలో లక్షలసార్లు తిరుగుతూనే ఉంటాయి. డబ్బు కట్టిన చందాదారుల స్ట్రీమ్‌లు వెయ్యి అయితే ఒక ఆల్బమ్ అమ్మినట్టు. మనం శుక్రవారం ఎక్కిన చోటి నుంచి గురువారం దాకా జారుతూనే ఉంటాం.

'ఎక్కడిదాకా?' అని బాసిస్ట్ అడిగింది.

'హారన్ కొట్టడం ఆపితే చెప్తా,' అన్నాడు.

మంగళవారం, మాంచెస్టర్

పొద్దున సాల్‌ఫర్డ్ వెళ్లాం. సాల్‌ఫర్డ్ లాడ్స్ క్లబ్ గేటు ముందు స్మిత్స్ దిగిన ఫోటో 1986 నాటి ఆల్బమ్ లోపలి కవర్ మీద వచ్చింది. అప్పటి నుంచీ బ్యాండ్ అన్నవాళ్లంతా అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఫోటో దిగుతారు. మావాళ్లు, మేం అలాంటి పనులు చెయ్యం అని దారంతా చెప్పి, దిగగానే నిలబడ్డారు. నేనే తీశాను. బాసిస్ట్ కళ్లు మూసింది. మళ్లీ తీస్తానంటే వద్దంది.

సాయంత్రం ఓల్డమ్ స్ట్రీట్‌లో పికడిల్లీ రికార్డ్స్. 1978 నుంచి ఉన్న షాపు. ఇక్కడ గిరాకీ మధ్య ఒకాయన, అరవై దాటి ఉంటాయి, నాతో చాలాసేపు మాట్లాడాడు. 'ఇండీ, అంటే ఇండిపెండెంట్, అంటే ఇప్పుడు గిటార్ మోత అనుకుంటున్నారు, మా రోజుల్లో అది సరుకు ఎవరు పంచుతున్నారన్న లెక్క,' అన్నాడు. నిజమే. 1977 జనవరిలో ఈ ఊరి బజ్‌కాక్స్ అనే బ్యాండ్ ఇంట్లోవాళ్ల దగ్గరా స్నేహితుల దగ్గరా అయిదొందల పౌండ్లు అప్పు తెచ్చుకుని, సొంత లేబుల్ పెట్టుకుని నాలుగు పాటల రికార్డు వేసింది. వేయించింది వెయ్యి, చివరికి అమ్ముడైంది పదహారు వేలు. పెద్ద కంపెనీ అవసరం లేదని చాలామందికి ఆ రికార్డుతోనే తెలిసింది. 1980లో ఇండిపెండెంట్ చార్ట్ మొదలైనప్పుడు, పెద్ద కంపెనీల పంపిణీలో లేని రికార్డులకే అందులో చోటు. ఇప్పుడు ఆ నిబంధన మారింది, లేబుల్‌లో సగమైనా పెద్ద కంపెనీలది కాకుండా ఉంటే చాలు.

ఆయన రికార్డు కొన్నాడా అని అడక్కండి. నా దగ్గర బ్యాడ్జి ఒకటి కొన్నాడు. ఒక పౌండు.

పెట్టెలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాను. అయిదు. షాపుల్లో అమ్మింది షాపుల సరుకే, ఇవి నా టేబుల్‌వి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పోయిన టూర్‌లో ఒక హాలువాళ్లు, ఏ ఊరో చెప్పను, మా మర్చ్ అమ్మకంలో పాతిక శాతం తీసుకున్నారు. టేబుల్ మాది, సరుకు మాది, నిలబడింది నేను. రాత్రి పదకొండింటికి ఒకాయన కాలిక్యులేటర్‌తో వచ్చాడు. అలా తీసుకోని హాళ్ల జాబితా ఒకటి 2022లో కళాకారుల సంఘం తయారుచేసింది. ఇప్పుడు బుక్ చేసేముందు నేనే అందులో చూసి చెప్తాను.

బుధవారం, లీడ్స్

ఎం62 మీద పెన్నైన్ కొండలు దాటాం. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తున పోయే మోటర్‌వే ఇదే, 372 మీటర్లు. దారిలో ఒకచోట రోడ్డు రెండుగా చీలి మధ్యలో ఒక రైతు ఇల్లు వస్తుంది, స్టాట్ హాల్ ఫార్మ్. అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు, మధ్యలో గొర్రెలు. పొగమంచులో అది కనపడలేదు. ఇక్కడే ఉండాలి ఇక్కడే ఉండాలి అనుకుంటూ దాటేశాం.

సింగర్ గొంతు పూర్తిగా పోయింది. కాదు, కొద్దిగా ఉంది, దాన్ని రాత్రికి దాచుకుంటున్నాడు. పొద్దున్నుంచి నోరు తెరవలేదు. సెట్‌లిస్టు కాగితాల వెనక రాసి చూపించాడు. మొదటి చీటీ: 'కిటికీ.' రెండోది: 'ముయ్యి.' మూడోది సౌండ్‌చెక్‌లో డ్రమ్మర్ చేతికిచ్చాడు. దాని మీద ఒక అంకె మాత్రమే ఉంది. 126.

వివరం నాకు తర్వాత ఇంజనీర్ చెప్పాడు. ఆ పాటలో రెండో చరణం ఒక్క ఊపిరిలో పాడాలి. 138లో మాటలు తోసుకొస్తాయి, మధ్యలో గాలి పీల్చుకోవడానికి సందు లేదు, అందుకే గొంతు పిండి అరవాల్సొస్తుంది. టూర్ అంతా ఆయన గొంతు పోతూ వచ్చింది ఆ పాట దగ్గరేనట. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అనలేదు. డ్రమ్మర్ చీటీ చూసి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్‌లో తాళం కొలిచే మెట్రోనమ్ తెరిచి, శబ్దం తీసేసి, వెలుగు మాత్రం మినుకుమనేలా పెట్టాడు. గాఫర్ టేప్‌తో హై-హ్యాట్ స్టాండ్‌కి అతికించాడు. రెండు వరసల టేప్ సరిపోతుంది, ఆయన ఆరు వరసలు చుట్టాడు.

బ్రూడెనెల్ సోషల్ క్లబ్ 1913లో కార్మికుల క్లబ్‌గా మొదలైంది. ఇప్పటికీ అలాగే ఉంటుంది, బారు, పూల్ బల్లలు, గోడల వెంట సోఫాలు. నాకు ఈ దేశంలో బాగా ఇష్టమైన హాలు ఇదే. ఇలాంటివి తగ్గిపోతున్నాయి. 2023 ఒక్క ఏడాదిలో 125 చిన్న హాళ్లలో లైవ్ మ్యూజిక్ ఆగిపోయిందని మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క. మేం నాలుగేళ్ల క్రితం మొదటిసారి వాయించిన చోట్లలో రెండు అందులో ఉన్నాయి.

రెండో పాట. వెలుగు మినుకుమంది. నాలుగు దెబ్బలు, నెమ్మదిగా. నేను డబ్బు డబ్బా మూసి ముందుకెళ్లాను, ఆ పని సాధారణంగా చెయ్యను. చరణం మొదలైంది. సింగర్ పాడుతున్నాడు, అంటే పెదవులు కదులుతున్నాయి, వినపడుతున్నది మాత్రం హాలు. నాలుగొందల మంది ఒక్క మాట కూడా తడబడకుండా పాడారు. ఆయన రెండో చరణం దగ్గర మైకు వదిలేసి వెనక్కి నిలబడ్డాడు. డ్రమ్మర్ తల వంచుకుని వెలుగు వైపే చూస్తూ వాయించాడు, జనం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

టేబుల్ దగ్గరికి వెళ్లేసరికి వరస తలుపు దాకా ఉంది. నాలుగు పెట్టెలు ఒక్క రాత్రిలో పోయాయి.

గురువారం, గ్లాస్గో

నాలుగు గంటలకి పైగా ప్రయాణం. ఎ66 మీద లారీల వెనకాల పాకుతూ, తర్వాత ఎం6, సరిహద్దు దాటి ఎం74. వ్యాన్‌లో సగం మంది నిద్ర.

కింగ్ టట్స్ వా వా హట్. మూడొందల మంది పడతారు. పైకి వెళ్లే మెట్ల మీద ఏడాదికొక మెట్టు చొప్పున అక్కడ వాయించిన బ్యాండ్‌ల పేర్లు రాసుంటాయి. 1993 మే 31న ఒయాసిస్ ఇక్కడ వాయిస్తుంటే క్రియేషన్ రికార్డ్స్ యజమాని అలన్ మెక్‌గీ చూసి అప్పటికప్పుడు ఒప్పందం ఇస్తానన్నాడు. ఈ కథ గ్లాస్గోలో నాకు చెప్పనివాళ్లు లేరు. ఆ రాత్రి ఉన్నామని చెప్పేవాళ్లంతా నిజంగా ఉండుంటే ఆ మూడొందల హాలు కూలిపోయేది.

సింగర్ గొంతు కొంచెం తిరిగొచ్చింది. 'నీ ఇష్టం' అన్నాడు డ్రమ్మర్‌తో. నోటితోనే, చీటీ లేకుండా. డ్రమ్మర్ ఫోన్ అతికించలేదు.

ఆ పాట వచ్చేసరికి నా దగ్గర ఒకావిడ టీ-షర్టు సైజులు తిరగేస్తోంది. నాలుగు దెబ్బలు విన్నాను. నెమ్మదే. తర్వాత కార్డు మెషీన్ సిగ్నల్ పోయింది, నేను దాన్ని పట్టుకుని గోడవైపు, తలుపువైపు తిరిగాను. ఆవిడ ఓపిగ్గా నా వెనకే తిరిగింది. డబ్బు పడేసరికి చివరి పల్లవి అయిపోయి జనం అరుస్తున్నారు.

రాత్రి సామాను ఎక్కించాక ఇంజనీర్ షో రికార్డింగ్ పెట్టి, ఫోన్‌లో వేళ్లతో తాళం వేసి కొలిచాడు. మొదలు 126. చివర 137. ఎక్కడ పెరిగిందో మళ్లీ మళ్లీ విన్నారు, ఒక్కచోట కూడా దొరకలేదు.

శుక్రవారం, తిరుగు దారి

నాలుగొందల మైళ్లు. మధ్యాహ్నం తర్వాత ఎం1 ఎక్కి వాట్‌ఫర్డ్ గ్యాప్‌లో ఆగాం. 1959 నవంబర్ 2న మోటర్‌వేతోపాటే తెరిచిన సర్వీసెస్. 1960లలో దేశమంతా తిరిగే బ్యాండ్‌లన్నీ షోలు ముగించుకుని నడిరాత్రి ఇక్కడే కలిసేవాళ్లట. మేం వెళ్లింది పగలు. ఒక స్కూలు బస్సు, కొందరు లారీ డ్రైవర్లు.

లేబుల్ నుంచి మెసేజ్ అక్కడే వచ్చింది. ఆల్బమ్ చార్ట్‌లో 74. వినైల్ చార్ట్‌లో 9. ఒకే రికార్డు, ఒకే వారం. బాసిస్ట్ రెండంకెలూ పెద్దగా చదివి, ఫోన్ బోర్లా పెట్టి, టాయిలెట్‌కి వెళ్లింది. సింగర్ ఇంజనీర్‌ని అడిగాడు, ముందే ఎంత అనుకున్నావని. 'ఎనభై,' అన్నాడాయన. అది విని సింగర్ ముఖం కొంచెం తేటపడింది.

వ్యాన్ అప్పగించేముందు వెనకంతా ఊడ్చాను. మూడు గిటార్ పిక్‌లు, డ్రమ్ తాళంచెవి ఒకటి, 'ముయ్యి' అని రాసిన చీటీ దొరికాయి. డ్రమ్మర్ తాళంచెవి తీసుకుంటూ అడిగాడు, 'లీడ్స్‌ది బాగుందా, గ్లాస్గోదా? నువ్వు రెండూ విన్నావు కదా.'

గ్లాస్గోది వినలేదన్నాను. కార్డు మెషీన్ సంగతి చెప్పాను.

'ఏం కొంది ఆవిడ?'

'ఎక్స్‌ఎస్.'

'నిజంగానా?'

'తనకి కాదట. కూతురికి.'

వచ్చే నెల తొమ్మిదో తారీఖు నుంచి మళ్లీ యూరప్. కార్నే జాబితా ఈ ఆదివారం లోపు పంపాలి. స్నేర్ స్టాండ్‌లు రెండా మూడా అని డ్రమ్మర్‌ని అడగడం మర్చిపోయాను.